లూపస్ ఉన్నవాళ్ళు ప్రెగ్నెన్సీ ఎలా ప్లాన్ చేస్కోవాలి, తొమ్మిది నెలలూ ఎలా దాటాలి

మా చెల్లికి 22 ఏళ్ళప్పుడు లూపస్, అంటే మన ఇమ్యూనిటీ మన ఒంటి మీదే తిరగబడే జబ్బు, అని తేలింది. పెళ్ళయ్యాక మొదటిసారి నెల తప్పినప్పుడు మా ఇంట్లో అందరం కలిసి ఒక తప్పు చేశాం. కడుపుతో ఉన్న పిల్లకి ఇన్ని మందులా అని చుట్టాల్లో ఎవరో అంటే భయపడిపోయి లూపస్‌కి రోజూ వేస్కునే మాత్ర హెచ్‌సీక్యూఎస్‌తో సహా అన్నీ ఆపించేశాం, డాక్టర్‌ని ఒక్క మాట కూడా అడగలేదు. ఐదో నెలకల్లా కాళ్ళు, మొహం వాచాయి, మూత్రంలో ప్రోటీన్ పోవడం మొదలైంది, లూపస్ కిడ్నీలకి వచ్చింది, ఆరో నెలలో బిడ్డ దక్కలేదు. తర్వాత ఏడాదిన్నర ఆగి, ముందే అన్నీ చూస్కుని వెళ్ళాం, 36 వారాలకి పాప పుట్టింది, 2 కేజీల 100 గ్రాములు. ఇప్పుడు బడికి వెళ్తోంది.

రెండుసార్లూ తన రిపోర్టుల ఫైల్ పట్టుకుని హాస్పిటల్స్ చుట్టూ తిరిగింది నేనే, అందుకే ఏది ఎప్పుడు చేయాలో వరసగా రాస్తున్నా. మందుల డోసు మాత్రం మీ డాక్టరే చెప్పాలి, ఇది చదివాక అక్కడ ఏం అడగాలో మీకు తెలిస్తే చాలు.

ముందు ఒక మాట ధైర్యంగా చెప్తా. లూపస్ వచ్చేవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది ఆడవాళ్ళే, అదీ ఎక్కువగా 15 నుంచి 45 ఏళ్ళ మధ్య, అంటే సరిగ్గా పెళ్ళీ పిల్లలూ అనుకునే వయసు. ఒకప్పుడు నీకు పిల్లలొద్దమ్మా అని డాక్టర్లే చెప్పేసేవాళ్ళు. ఇప్పుడలా కాదు. అమెరికా, కెనడాల్లో చేసిన ప్రామిస్ అనే స్టడీ 2015లో వచ్చింది, లూపస్ కంట్రోల్‌లో ఉన్న 385 మంది గర్భిణుల్ని చూస్తే 81 శాతం మందికి పెద్ద ఇబ్బంది లేకుండానే కాన్పు అయింది. కంట్రోల్‌లో ఉన్న, అన్న మాట గుర్తుపెట్టుకోండి, మొత్తం కథ అక్కడే ఉంది.

స్టెప్ 1: నెల తప్పడానికి ఆరు నెలల ముందే మొదలుపెట్టండి

జబ్బు కనీసం ఆరు నెలలు ప్రశాంతంగా ఉన్నాకే ప్రెగ్నెన్సీకి వెళ్ళాలి. ప్రశాంతంగా అంటే నాకు బానే ఉంది అనిపించడం కాదు, రిపోర్టుల్లో కనపడాలి. మూత్రంలో ప్రోటీన్ ఎంత పోతోంది, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంత, సీ3 సీ4 (జబ్బు రేగితే రక్తంలో తగ్గే ప్రోటీన్లు) ఎలా ఉన్నాయి, డీఎస్‌డీఎన్‌ఏ అనే లూపస్ యాంటీబాడీ పెరుగుతోందా, ప్లేట్‌లెట్లు ఎన్ని, బీపీ ఎంత, స్టెరాయిడ్ ఏ డోసులో ఉన్నారు, ఇవన్నీ చూసి మీ రుమటాలజిస్ట్ (లూపస్, కీళ్ళ జబ్బులు చూసే డాక్టర్) సరే అనాలి. ముఖ్యంగా కిడ్నీకి ఒకసారి లూపస్ వచ్చినవాళ్ళు ఈ ఆరు నెలల లెక్కలో అస్సలు తొందరపడొద్దు. ఊపిరితిత్తుల్లో ప్రెషర్ బాగా ఎక్కువ ఉన్నవాళ్ళకి, గుండె లేదా కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళకి, ఈమధ్యే స్ట్రోక్ వచ్చినవాళ్ళకి మాత్రం తల్లి ప్రాణానికే ప్రమాదం కాబట్టి డాక్టర్లు వద్దనొచ్చు.

మరి అప్పటిదాకా జాగ్రత్త ఉండాలి కదా. లూపస్‌లో మామూలు గర్భనిరోధక మాత్రలు అందరికీ పడవు, ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు రక్తం గడ్డకట్టే యాంటీబాడీలు ఉన్నవాళ్ళకి అసలు ఇవ్వకూడదు. కాపర్ టీ గురించి అడగండి, చాలామందికి అది సేఫ్.

ఇక ఇంట్లో ఒత్తిడి సంగతి. పెళ్ళై ఏడాది దాటింది ఇంకా విశేషం లేదా అని అడగని ఇల్లు మన దగ్గర లేదు, ఆ మాటలకి తట్టుకోలేక జబ్బు సగం యాక్టివ్‌గా ఉండగానే కానిచ్చేసేవాళ్ళు చాలామంది. అత్తమామలకి జవాబు చెప్పే పని మీ ఆయన తీస్కోవాలి, డాక్టరే ఆరు నెలలు ఆగమన్నారు అని ఆయన నోటితో చెప్తే చాలావరకు ఆగుతుంది. మా మరిది, అంటే చెల్లి భర్త, రెండోసారి ఆ ఒక్క పని గట్టిగా చేశాడు.

స్టెప్ 2: మందుల డబ్బా బయట పెట్టి ఒక్కొక్కటీ డాక్టర్‌తో తేల్చుకోండి

అన్నీ ఆపేస్తే బిడ్డకి మంచిదని మన ఇళ్ళలో అనుకుంటారు, నిజానికి కొన్ని ఆపితేనే బిడ్డకి ప్రమాదం, కొన్ని ఆపకపోతే ప్రమాదం. తేడా తెలియాలి.

ఆపకూడని వాటిలో మొదటిది హైడ్రాక్సీక్లోరోక్విన్, అదే హెచ్‌సీక్యూఎస్. ఇది కడుపుతో ఉన్నప్పుడు కూడా వాడాల్సిన మందు, ఆపితే లూపస్ తిరగబెట్టే ఛాన్స్ పెరుగుతుంది. మామూలుగా రోజుకి కేజీ బరువుకి 5 ఎంజీ దాటకుండా ఇస్తారు, 60 కేజీలుంటే 300 ఎంజీ అన్నమాట. కంటి పరీక్ష మొదట్లో ఒకసారి, ఐదేళ్ళు వాడాక ఏటా చేయించుకోవాలి, కానీ కళ్ళు పోతాయంట అని ఎవరో చెప్పారని సొంతంగా మానేయకండి. 2020లో కరోనాకి పనిచేస్తుందని అందరూ ఎగబడి కొనేస్తే షాపుల్లో ఈ మాత్ర దొరక్క లూపస్ వాళ్ళు ఎంత అల్లాడారో నాకు ఇంకా గుర్తుంది, అప్పట్నుంచి మా ఇంట్లో రెండు నెలల స్టాక్ ఎప్పుడూ ఉంటుంది, మీరూ పెట్టుకోండి.

లూపస్‌ని అదుపులో పెట్టే అజాథయోప్రిన్, అంటే అజొరాన్ లాంటివి, టాక్రోలిమస్, ఇవి కూడా ప్రెగ్నెన్సీలో వాడొచ్చు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, మనం వైసోలోన్ అంటాం, అవసరమైతే తక్కువ డోసులో వాడతారు. కానీ దాన్ని ఒక్కసారిగా ఆపడం ఎప్పుడూ ప్రమాదమే, శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారుచేసుకోవడం మర్చిపోయి ఉంటుంది కాబట్టి మెల్లగా తగ్గించాల్సిందే.

లూపస్ మందుల్లోనే ముందే మార్చాల్సినవి ఇవి. మైకోఫెనోలేట్ బిడ్డకి అవయవ లోపాలు తెస్తుంది, నెల తప్పడానికి కనీసం ఆరు వారాల ముందు ఆపాలి. మెథోట్రెక్సేట్ ఒకటి నుంచి మూడు నెలల ముందు. సైక్లోఫాస్ఫమైడ్ కూడా కొన్ని నెలల ముందే ఆపాలి. లెఫ్లునమైడ్ ఒంట్లో చాలాకాలం ఉండిపోతుంది, దాన్ని బయటికి పంపడానికి వేరే మందు ఇస్తారు. మారిస్తే సరిపోదు, కొత్త మందు మీద జబ్బు కొన్ని నెలలు నిలకడగా ఉందా లేదా చూడాలి, అందుకే ఆరు నెలల ముందే మొదలుపెట్టమంటున్నా.

బీపీకి, మూత్రంలో ప్రోటీన్ తగ్గడానికి టెల్మిసార్టన్, లోసార్టన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటివి వాడుతుంటే అవి కడుపులో బిడ్డకి మంచివి కావు, ఎప్పుడు ఆపి లాబెటలాల్, నిఫెడిపిన్ లాంటి వాటికి మారాలో ముందే అడిగి పెట్టుకోండి. రక్తం పల్చబడడానికి వార్ఫరిన్ వాడేవాళ్ళు నెల తప్పిందని తెలియగానే, ఆరో వారం లోపే హెపారిన్ ఇంజెక్షన్‌కి మారాలి.

ఒళ్ళు నొప్పులకి షాపులో అడిగి కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి వద్దు, 20 వారాలు దాటాక అయితే బిడ్డ కిడ్నీల మీద, ఉమ్మనీటి మీద దెబ్బ కొడతాయి. పారాసెటమాల్ వేస్కోండి. ఇంకొకటి, ఇమ్యూనిటీ పెరుగుతుందని తిప్పతీగ కషాయాలు, రకరకాల పొడులు ఇస్తుంటారు. లూపస్ అంటేనే మన ఇమ్యూనిటీ మన మీదే తిరగబడడం, దాన్ని ఇంకా రెచ్చగొట్టడం ఎందుకు? తిప్పతీగ వాడినవాళ్ళలో లివర్ దెబ్బతిన్న కేసులు 2021లో ముంబై డాక్టర్లే రాశారు. ఎంత ప్రేమగా ఇచ్చినా తాగకండి.

స్టెప్ 3: రెండు రకాల యాంటీబాడీలు తప్పకుండా చూపించుకోండి

ఒకటి యాంటీ రో, యాంటీ లా, రిపోర్టులో ఎస్ఎస్ఏ, ఎస్ఎస్‌బీ అని ఉంటుంది. ఇవి మాయ దాటి బిడ్డ దగ్గరికి వెళ్తాయి. నూటికి ఒకరిద్దరు బిడ్డల్లో గుండె కొట్టుకునే కరెంటు దారి దెబ్బతిని హార్ట్ బ్లాక్ వస్తుంది, ముందు ఒక బిడ్డకి అలా జరిగి ఉంటే మళ్ళీ రావడం 16 నుంచి 18 శాతం దాకా ఉంటుంది. 2020లో వచ్చిన పాచ్ అనే స్టడీలో అలాంటి తల్లులకి 10వ వారం లోపే రోజుకి 400 ఎంజీ హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇస్తే అది 7 శాతం దగ్గరికి పడిపోయింది. ఆ మాత్ర ఆపొద్దని ఎందుకు ఇంతలా మొత్తుకుంటున్నానో ఇప్పుడు అర్థమైందనుకుంటా.

రెండోది యాంటీ ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు. మూడు టెస్టులుంటాయి, లూపస్ యాంటీకోయాగులెంట్, యాంటీకార్డియోలిపిన్, బీటా2 గ్లైకోప్రోటీన్. ఇవి రక్తం గడ్డకట్టేలా చేస్తాయి, మాయలో రక్తం సరిగా పారదు, అబార్షన్లు అవుతాయి, బీపీ పెరుగుతుంది. పాజిటివ్ వస్తే 12 వారాల తర్వాత మళ్ళీ చేసి ఖాయం చేస్తారు. ముందు అబార్షన్లు అయి ఇవి కూడా ఉంటే ఆస్పిరిన్‌తో పాటు రోజూ పొట్ట మీద హెపారిన్ ఇంజెక్షన్ ఉంటుంది. సొంతంగా వేస్కోవడం రెండు మూడు రోజుల్లో వచ్చేస్తుంది, భయపడకండి.

స్టెప్ 4: డాక్టర్లని, ఫైల్‌ని సిద్ధం చేస్కోండి

రుమటాలజిస్ట్ ఒకరు, హై రిస్క్ కేసులు చూసే గైనకాలజిస్ట్ ఒకరు, కిడ్నీ లూపస్ ఉంటే నెఫ్రాలజిస్ట్, పక్కనే నెల తక్కువ పిల్లల్ని చూసే ఎన్ఐసీయూ. చిన్న ఊళ్ళో రుమటాలజిస్ట్ దొరకడం కష్టమే, హైదరాబాద్‌లో నిమ్స్‌లో రుమటాలజీ డిపార్ట్‌మెంట్ ఉంది. దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకి ఫ్రీ చెకప్ ఉంటుంది, బీపీ, యూరిన్ పరీక్షలకి అది పనికొస్తుంది, కాకపోతే లూపస్ అని ముందే చెప్పండి.

ఫైల్‌లో మొదటి పేజీ మీ చేత్తో రాయండి: జబ్బు ఎప్పుడొచ్చింది, ఏ అవయవానికి వచ్చింది, ఏ యాంటీబాడీలు పాజిటివ్, ఇప్పుడు వాడే మందులు డోసులతో, పడని మందులు, ఇద్దరు డాక్టర్ల ఫోన్ నంబర్లు. అర్ధరాత్రి డ్యూటీ డాక్టర్‌కి 80 పేజీలు తిరగేసే టైం ఉండదు, ఆ ఒక్క పేజీ చాలు. ఫోన్‌లో కూడా ఫోటో తీసి మీ ఆయనకి, మీ అమ్మకి పంపి పెట్టండి.

స్టెప్ 5: నెల తప్పిందని తెలిసిన వారంలో

ఏ మందూ సొంతంగా ఆపకండి, రుమటాలజిస్ట్‌కి ఫోన్ చేయండి. మొదటి రక్త పరీక్షలు అప్పుడే చేయించుకుంటే తర్వాత పోల్చుకోడానికి అవే ఆధారం. ఫోలిక్ యాసిడ్ నిజానికి ముందునుంచే వేస్కుంటూ ఉండాలి. ప్లేట్‌లెట్లు మరీ తక్కువ ఉంటే తప్ప లూపస్ ఉన్న ప్రతి గర్భిణికీ 12వ వారం నుంచి, 16 లోపే, చిన్న డోసు ఆస్పిరిన్ ఇస్తారు, ఎకోస్ప్రిన్ 75 లేదా 150. మీకు రాయకపోతే ఎందుకు రాయలేదని మర్యాదగా అడగండి.

ఎండ గురించి పెద్దోళ్ళు పొద్దున్నే ఎండలో కూర్చో బిడ్డకి మంచిది అంటారు. లూపస్‌కి ఎండ పడదు, డీ విటమిన్ మాత్ర రూపంలో తీస్కోండి, కాల్షియం కూడా. గ్రహణం రోజు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదంటారు కదా, ఆ రోజు కూడా మాత్రలు టైంకి పడాల్సిందే, మా అమ్మ చివరికి ఒప్పుకుంది.

స్టెప్ 6: నెల నెలా ఏం చూడాలి

28 వారాల దాకా నాలుగు వారాలకోసారి, తర్వాత రెండు వారాలకోసారి, 36 దాటాక వారం వారం, ఇది మామూలు లెక్క, మీకు ఇంకా తరచుగా రమ్మనొచ్చు. 11 నుంచి 14 వారాల మధ్య బిడ్డ మెడ వెనక మందం చూసే ఎన్‌టీ స్కాన్, 18 నుంచి 20 మధ్య బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్, రో పాజిటివ్ అయితే 16 నుంచి 26 వారాల దాకా మధ్యమధ్యలో బిడ్డ గుండె చూసే ఫీటల్ ఎకో, స్టెరాయిడ్ వాడుతుంటే షుగర్ టెస్ట్ మర్చిపోవద్దు, 28 తర్వాత బిడ్డ ఎదుగుదల, రక్త ప్రసరణ చూసే గ్రోత్ స్కాన్ డాప్లర్‌తో.

ఇంట్లో ఒక బీపీ మిషన్ కొనుక్కోండి. మిగతా ఖర్చులు తగ్గించుకునైనా సరే ఇది కొనాలి. రోజూ ఒకే టైంకి, ఐదు నిమిషాలు కూర్చుని చూస్కుని నోట్‌బుక్‌లో రాయండి. 140/90 వస్తే ఆ రోజే ఫోన్, 160/110 వస్తే ఫోన్ కూడా వద్దు, నేరుగా హాస్పిటల్‌కే.

ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి, డాక్టర్లకి కూడా తికమక పెట్టే చోటు ఇదే. బీపీ పెరగడం, కాళ్ళు వాచడం, మూత్రంలో ప్రోటీన్ పోవడం, ఇవి ప్రీఎక్లాంప్సియాలోనూ (కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగి వచ్చే జబ్బు) వస్తాయి, కిడ్నీకి లూపస్ వచ్చినా వస్తాయి. ప్రీఎక్లాంప్సియా ముదిరి ఫిట్స్ వస్తే మన పెద్దోళ్ళు గుర్రపు వాతం అనేవాళ్ళు. రెండింటికీ వైద్యం మాత్రం పూర్తిగా వేరు, ప్రీఎక్లాంప్సియా అయితే చివరికి కాన్పు చేయడమే మందు, లూపస్ అయితే స్టెరాయిడ్ లాంటి మందులు పెంచి ప్రెగ్నెన్సీ కొనసాగించొచ్చు. 20 వారాల కంటే ముందే మొదలైతే లూపస్ మీదే అనుమానం ఎక్కువ. సీ3 సీ4 పడిపోయి, డీఎస్‌డీఎన్‌ఏ పెరిగి, మూత్రంలో ఎర్ర కణాలు కనిపిస్తే అదీ లూపస్ వైపే. యూరిక్ యాసిడ్, లివర్ టెస్టులు పెరిగితే ప్రీఎక్లాంప్సియా వైపు. ఇంకో సంగతి, మామూలు గర్భిణుల్లో సీ3 సీ4 పెరుగుతాయి, కాబట్టి మీకు నార్మల్ అని వచ్చినా పాత రిపోర్టు కంటే తగ్గుతూ వస్తుంటే అది నార్మల్ కాదు, పక్కపక్కన పెట్టి చూపించండి. ఈఎస్ఆర్ అనే రక్త పరీక్ష మాత్రం కడుపుతో ఉంటే ఎవరికైనా పెరుగుతుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు.

మొహం మీద మచ్చలొస్తే మంగా, లూపసా అనే అనుమానం కూడా అందరికీ వస్తుంది. మంగు గోధుమరంగులో చదునుగా ఉంటుంది, లూపస్ అయితే ఎర్రగా, ఎండలోకి వెళ్ళొస్తే మండుతూ ఉంటుంది. తెలియకపోతే ఫోటో తీసి డాక్టర్‌కి పంపండి. కీళ్ళు వాచి పొద్దున్నే బిగుసుకుపోవడం, నోట్లో పుళ్ళు, జ్వరం, ఊపిరి పీల్చితే ఛాతీలో నొప్పి, ఇవి కడుపుతో ఉంటే మామూలే అని కొట్టిపారేయకూడదు. తగ్గని తలనొప్పి, కళ్ళు మసకబారడం, కుడిపక్క డొక్క కింద నొప్పి, రక్తం కనపడడం, బిడ్డ కదలికలు తగ్గడం, ఇవి వస్తే రాత్రని పగలని చూడొద్దు, 108 కి ఫోన్ చేయండి.

స్టెప్ 7: పుట్టింటికి వెళ్ళే ముందు ఆలోచించండి

ఇది ఏ డాక్టరూ మాకు చెప్పలేదు, మేమే నేర్చుకున్నాం. ఏడో నెలలో సీమంతం చేసి అమ్మాయిని పుట్టింటికి తీస్కెళ్ళడం మన ఆచారం. కానీ లూపస్ ఉన్నవాళ్ళకి బీపీ పెరిగేది, మాయ సరిగా పనిచేయకపోవడం బయటపడేది ఎక్కువగా సరిగ్గా ఆ నెలల్లోనే. అంటే అసలైన టైంలో, మీ జబ్బు మొత్తం తెలిసిన డాక్టర్‌ని వదిలేసి, మిమ్మల్ని మొదటిసారి చూస్తున్న డాక్టర్ దగ్గరికి వెళ్తున్నారు. మా చెల్లి వాళ్ళది హైదరాబాద్, మాది తెనాలి, దారిలో ఏమైనా అయితే ఐదారు గంటలు. రెండోసారి సీమంతం హైదరాబాద్‌లోనే చిన్నగా చేశాం, అమ్మే వచ్చి మూడు నెలలు చెల్లి దగ్గర ఉంది. నీ అత్తగారింట్లో నేనెలా ఉంటానే అని మొదట మొహమాటపడింది, పక్క వీధిలో ఒక గది అద్దెకి తీస్కుంటే సర్దుకుంది.

వెళ్ళక తప్పదంటే ఐదో నెలలోనే ఒకసారి వెళ్ళి అక్కడి గైనకాలజిస్ట్‌కి చూపించి, ఫైల్ జిరాక్స్ ఇచ్చి, మీ రుమటాలజిస్ట్‌తో ఫోన్‌లో మాట్లాడించి, ఎన్ఐసీయూ ఉందా, రాత్రిపూట మత్తు డాక్టర్ ఉంటారా కనుక్కుని రండి. తెనాలి లాంటి చోటైతే గుంటూరు, విజయవాడ ఎంతసేపో కూడా లెక్కేస్కోండి.

స్టెప్ 8: కాన్పు

లూపస్ ఉందని ఆపరేషనే చేయాలని లేదు, అన్నీ బాగుంటే మామూలు కాన్పే అవుతుంది. ముందే చేయాల్సి వచ్చేలా ఉంటే బిడ్డ ఊపిరితిత్తులు బలపడడానికి తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. చాలాకాలంగా వైసోలోన్ వాడుతున్నవాళ్ళకి కాన్పు టైంలో అదనంగా స్టెరాయిడ్ కావాల్సి రావొచ్చు, ఆ మాట అక్కడి వాళ్ళకి గుర్తుచేయండి. హెపారిన్ వేస్కుంటుంటే నొప్పులు మొదలవగానే తర్వాతి డోసు వేస్కోకుండా ఫోన్ చేయాలి, వెన్నులో మత్తు ఇవ్వాలంటే డోసుని బట్టి 12 లేదా 24 గంటల గ్యాప్ కావాలి. చివరి ఇంజెక్షన్ ఎన్నింటికి వేశారో రాసి పెట్టుకోండి.

స్టెప్ 9: బాలింతగా ఉన్నప్పుడు

బిడ్డ పుట్టాక అందరి కళ్ళూ బిడ్డ మీదే, తల్లి మాత్రలు ఎవరికీ గుర్తుండవు, కానీ కాన్పు తర్వాత మొదటి మూడు నెలల్లో లూపస్ తిరగబెట్టడం చాలా మామూలు. నిద్ర ఉండదు, నీరసం ఎలాగూ ఉంటుంది, జుట్టు ఎలాగూ రాలుతుంది, అందుకే గుర్తుపట్టడం కష్టం. బీపీ చూడడం ఆపకండి, కాన్పు అయ్యాక కూడా ప్రీఎక్లాంప్సియా వస్తుంది. హెపారిన్ వాడినవాళ్ళకి కనీసం ఆరు వారాలు కొనసాగిస్తారు, బిడ్డ పుట్టేసింది కదా అని మానొద్దు.

పాలు ఇవ్వొచ్చు. హైడ్రాక్సీక్లోరోక్విన్, అజాథయోప్రిన్, టాక్రోలిమస్, ప్రెడ్నిసొలోన్, హెపారిన్, వార్ఫరిన్ కూడా పాలిచ్చే తల్లికి సరే. ప్రెడ్నిసొలోన్ 20 ఎంజీ దాటితే మాత్ర వేస్కున్నాక నాలుగు గంటలు ఆగి ఇమ్మంటారు. మైకోఫెనోలేట్, మెథోట్రెక్సేట్, సైక్లోఫాస్ఫమైడ్ మీద ఉంటే ఇవ్వకూడదు.

పత్యం పేరుతో నీళ్ళు తక్కువ తాగించడం, కారప్పొడి అన్నం తప్ప ఏమీ పెట్టకపోవడం కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి అస్సలు మంచిది కాదు. సాంబ్రాణి పొగ కూడా గది నిండా వేయొద్దని మేం చెప్పాం.

రో పాజిటివ్ తల్లికి పుట్టిన బిడ్డకి ఒకసారి ఈసీజీ తీయించండి. మొహం మీద, కళ్ళ చుట్టూ ఎర్రటి మచ్చలొస్తే అది తల్లి యాంటీబాడీల వల్లే, ఆరు నుంచి ఎనిమిది నెలల్లో వాటంతటవే పోతాయి, బిడ్డకి లూపస్ వచ్చేసిందని ఏడవకండి, అప్పటిదాకా బిడ్డని కూడా ఎండలో పెట్టకండి.

డిశ్చార్జ్ అయ్యే రోజే రుమటాలజిస్ట్ అపాయింట్‌మెంట్ ఆరు వారాల లోపు తేదీకి తీస్కోండి, ఆ రోజు రక్తం, మూత్రం పరీక్షలతో పాటు తర్వాతి బిడ్డకి ఎంత ఆగాలో, కాపర్ టీ ఎప్పుడు వేయించుకోవాలో కూడా అడగండి. బిడ్డని ఎవరు పట్టుకుంటారో ముందే అనుకోండి, మా ఇంట్లో ఆ రోజు పాపని చూస్కోడానికి ఎవరూ లేరని అపాయింట్‌మెంట్ రెండుసార్లు వాయిదా పడింది, మూడోసారి నేనే సెలవు పెట్టి పాపని ఒళ్ళో వేస్కుని కూర్చున్నా.